ఆంగ్లములో సమీపరూప విశేషణములు

ఆంగ్లములో సమీపరూప విశేషణములు అనగా ఒకే మూలపదము నుండి పుట్టి, చూచుటకు దాదాపు ఒకే రకముగా ఉండి, అర్థములో గాని వాడుకలో గాని వేరైన విశేషణముల జంటలు. హిస్టారిక్ - హిస్టారికల్, ఎకనామిక్ - ఎకనామికల్, క్లాసిక్ - క్లాసికల్, ఆల్టర్నేట్ - ఆల్టర్నేటివ్ మొదలైనవి ఇందుకు ఉదాహరణలు. ఈ జంటలలోని రెండు పదములూ నిఘంటువులలో ఉన్నవే. అందుచేత ఒకదానికి బదులు మరొకటి వ్రాసినప్పుడు అక్షరదోషము కనిపించదు, వ్యాకరణదోషము కూడా ఉండదు, అర్థము మాత్రము మారిపోవును. కంప్యూటరులోని అక్షరదోష పరిశీలకము కూడా ఇటువంటి పొరపాటును చాలాసార్లు పట్టుకొనలేదు.

తెలుగు మాధ్యమములో చదివి, తరువాత ఆంగ్లములో దరఖాస్తులు, నివేదికలు, పోటీ పరీక్షలు వ్రాయువారికి ఈ జంటలు తరచుగా చిక్కు తెచ్చును. ఆంగ్లములోని రెండు పదములకు తెలుగులో అనేక సందర్భములలో ఒకే పదము ఉండుటయే ఇందుకు ముఖ్య కారణము. నియమమును విడిగా చదువుటకంటె తెలిసిన విషయములకు అన్వయించి చూచినచో తేడా తేలికగా బోధపడును. కావున ఈ వ్యాసములోని ఉదాహరణలు ఎక్కువగా తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణముల చరిత్ర, సాహిత్యము, వ్యవసాయముల నుండి తీసుకొనబడినవి. ఈ మూడు పట్టణములును 2022 ఏప్రిల్ వరకు గుంటూరు జిల్లాలో ఉండెడివి. ఆ నెల 4వ తేదీన బాపట్ల జిల్లా ఏర్పడగా బాపట్ల, రేపల్లె అందులో చేరినవి. తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉన్నది.

తెలుగులో ఇటువంటి జంటలు

ఇది ఆంగ్లమునకు మాత్రమే పరిమితమైన విషయము కాదు. తెలుగులో నల్ల, నల్లని, నల్లటి అను మూడు రూపములు కలవు. పైకి మూడింటి అర్థము ఒకటే. అయినను "నల్లమందు" అనగా గసగసాల మొక్క నుండి వచ్చు మత్తుపదార్థము. "నల్లని మందు" అనగా నల్లగా ఉన్న ఏదో ఒక ఔషధము. "తెల్లకాగితము మీద సంతకము" అన్నప్పుడు వ్రాత లేని కాగితమని అర్థము. "తెల్లని కాగితము" అన్నప్పుడు రంగు మాత్రమే చెప్పబడినది. "పచ్చి మిరపకాయ", "పచ్చని మిరపకాయ" అను వాటికి గల తేడా కూడా ఇటువంటిదే. ఈ తేడాలను తెలుగువారు ఏ పుస్తకములోను చదివి నేర్చుకొనలేదు. వాడుక వలన అలవడినవి. రెండు రూపములు చాలాకాలము పక్కపక్కన నిలిచినప్పుడు వాటి మధ్య పని పంచుకొనుట జరుగును. ఆంగ్లములో జరిగినదీ ఇదే.

సంస్కృత పదములలోను ఈ సమస్య కలదు. "చరిత్ర"కు తద్ధిత ప్రత్యయము చేరినప్పుడు మొదటి అచ్చునకు వృద్ధి వచ్చి "చారిత్రక" అగును. "ఆత్మక" చేరినప్పుడు ఆ వృద్ధి రాదు కనుక "చరిత్రాత్మక" అనవలెను. పత్రికలలో తరచుగా కనబడు "చారిత్రాత్మక" అనునది ఈ రెండింటి కలగలుపు. దీనిని వ్యాకరణవేత్తలు అంగీకరింపరు. అయినను ఈ కలగలుపు రూపము ఊరకనే పుట్టలేదు. చరిత్రకు సంబంధించినది ఒకటి, చరిత్రలో నిలిచిపోవునది ఒకటి అని వేరుచేసి చెప్పవలసిన అవసరము తెలుగు వ్రాయువారికి కూడా కలిగినదని ఇది తెలుపుచున్నది.

పుట్టుక

ఆంగ్లములో "ఇక్", "ఇకల్" అను ప్రత్యయముల మూలము గ్రీకు భాషలోని "ఇకోస్" అను ప్రత్యయము. ఇది లాటినులో "ఇకుస్"గా, ఫ్రెంచిలో "ఇక్"గా మారి ఆంగ్లమునకు చేరినది. లాటినులోనే దీనికి మరొక ప్రత్యయము చేరి "ఇకాలిస్" అను పొడుగు రూపము ఏర్పడగా, దాని నుండి "ఇకల్" వచ్చినది. ఈ విధముగా ఒకే అర్థము గల రెండు ప్రత్యయములు ఒకే భాషలో నిలిచినవి.

తరువాతి కాలములో ఈ జంటలు మూడు దారులలో నడిచినవి. కొన్నింటిలో ఒక రూపమే మిగిలినది: "డొమెస్టిక్" కలదు గాని "డొమెస్టికల్" వాడుకలో లేదు; "మెడికల్" విశేషణముగా కలదు గాని "మెడిక్" విశేషణము కాదు. కొన్నింటిలో రెండూ మిగిలి ఒకే అర్థమునకు వాడబడుచున్నవి: "జియోగ్రాఫిక్", "జియోగ్రాఫికల్" ఇటువంటివి. మరికొన్నింటిలో రెండు రూపములు రెండు అర్థములను పంచుకొన్నవి. చిక్కు తెచ్చునవి ఈ మూడవ రకమువి. 1926లో వెలువడిన "ఎ డిక్షనరీ ఆఫ్ మోడరన్ ఇంగ్లీష్ యూసేజ్" గ్రంథములో హెచ్.డబ్ల్యు. ఫౌలర్ ఈ ప్రత్యయ జంటను ప్రత్యేకముగా చర్చించెను.

హిస్టారిక్ - హిస్టారికల్

చరిత్రలో నిలిచిపోవు ప్రాముఖ్యము గలది హిస్టారిక్. చరిత్రకు సంబంధించినది, గతమునకు చెందినది హిస్టారికల్. మొదటిది విలువ కట్టును. రెండవది వర్గము తెలుపును.

1913 మే నెలలో బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ బి.ఎన్. శర్మ అధ్యక్షతన జరిగినది. తెలుగువారికి ప్రత్యేక రాష్ట్రము కావలెనను ఆలోచన బహిరంగ వేదికపై చర్చకు వచ్చిన సభ అది. 1953లో ఆంధ్ర రాష్ట్రము ఏర్పడుటకు దారితీసిన ఉద్యమము అక్కడి నుండి సాగినది. దీనిని "హిస్టారిక్ మీటింగ్" అనవలెను. ఆ సభను గురించి నేడు పరిశోధన చేయువారు చూచు పాత కాగితములు "హిస్టారికల్ రికార్డ్స్". సభ గొప్పది కనుక హిస్టారిక్. కాగితములు గతమునకు చెందినవి కనుక హిస్టారికల్.

తెనాలిలోని రణరంగ చౌక్ 1942 ఆగస్టు 12న క్విట్ ఇండియా ఉద్యమములో పోలీసు కాల్పులకు బలియైన ఏడుగురి స్మారకము. ఇది "హిస్టారిక్ ప్లేస్". తెనాలి - రేపల్లె రైలు మార్గములో ఉన్న భట్టిప్రోలులో బౌద్ధ స్తూపమును 1892లో అలెగ్జాండర్ రీ త్రవ్వించినప్పుడు బ్రాహ్మీ లిపిలో శాసనములు గల ధాతుకరండములు లభించినవి. ఆ త్రవ్వకము దక్షిణ భారత లిపుల అధ్యయనమునే మలుపు త్రిప్పినది కనుక "హిస్టారిక్ డిస్కవరీ". ఆ శాసనములు ప్రాచీన కాలమును గురించి ఇచ్చు ఆధారము "హిస్టారికల్ ఎవిడెన్స్".

1956లో బి.ఎస్. రంగా దర్శకత్వములో వచ్చిన "తెనాలి రామకృష్ణ" చలనచిత్రము గతకాలపు వ్యక్తులను గురించినది కనుక "హిస్టారికల్ ఫిల్మ్". దీనిని "హిస్టారిక్ ఫిల్మ్" అన్నచో ఆ చిత్రము చలనచిత్ర చరిత్రనే మార్చినదని చెప్పినట్లగును. అది వేరొక వాదము. దానికి వేరే ఆధారములు చూపవలసి యుండును.

ఎకనామిక్ - ఎకనామికల్

ఆర్థిక వ్యవస్థకు, రాబడి ఖర్చులకు సంబంధించినది ఎకనామిక్. పొదుపైనది, తక్కువ ఖర్చుతో పని జరిపించునది ఎకనామికల్. తెలుగులో మొదటిదానికి "ఆర్థిక", రెండవదానికి "పొదుపైన" అను పదములు వేరుగా ఉన్నవి. అయినను "ఆర్థికముగా లాభము" అను మాట నోటిలో ఉండుటచే రెండవదానిని మొదటిదాని స్థానములో వ్రాయుట సామాన్యముగా జరుగును.

బాపట్లలో వ్యవసాయ కళాశాల 1945లో స్థాపించబడినది. బాపట్ల పరిశోధనా కేంద్రములో రూపొంది 1986లో విడుదలైన సాంబ మసూరి వరి వంగడము బి.పి.టి. 5204 అను పేరుతో ప్రసిద్ధము. ఆ మూడు అక్షరములు బాపట్లను సూచించునవి. ఈ వంగడము యొక్క "ఎకనామిక్ ఇంపార్టెన్స్" అన్నచో రైతుల రాబడిలోను, బియ్యము వ్యాపారములోను దానికి గల స్థానము. ఒక ఎరువును తక్కువ మోతాదులో వాడి అదే దిగుబడి సాధించు విధానమును "ఎకనామికల్ మెథడ్" అనవచ్చును.

సస్యరక్షణ శాస్త్రములో "ఎకనామిక్ త్రెషోల్డ్ లెవెల్" అను పదబంధము కలదు. పురుగుల సంఖ్య ఏ స్థాయికి చేరినప్పుడు మందు చల్లవలెనో అది తెలుపును. ఆ స్థాయికి లోపల మందు చల్లినచో ఖర్చు వృథా. ఆ స్థాయి దాటి ఊరకున్నచో పంటకు నష్టము. దీనిని "ఎకనామికల్ త్రెషోల్డ్" అని వ్రాసినచో శాస్త్రపదము చెడును.

తుపాను నష్టముల నివేదికలలో ఈ పొరపాటు మరింత వికటముగా ఉండును. 1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెన రేపల్లె, బాపట్ల తీరములను కూడా దెబ్బతీసినది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల సమీపములో తీరము దాటినది. ఇటువంటి సందర్భములలో పంటలు, పడవలు, ఇండ్లు పోవుట వలన కలిగినది "ఎకనామిక్ లాస్". "ఎకనామికల్ లాస్" అని వ్రాసినచో పొదుపుగా జరిగిన నష్టము, చౌకలో పోయిన నష్టము అని అర్థము వచ్చును. పరిహారము కోరు దరఖాస్తులో ఇటువంటి మాట ఉండరాదు.

క్లాసిక్ - క్లాసికల్

తన కోవలో శ్రేష్ఠమై కాలమునకు నిలిచినది క్లాసిక్. ప్రాచీన సంప్రదాయమునకు, శాస్త్రబద్ధమైన కళలకు చెందినది క్లాసికల్. తెనాలి వాస్తవ్యుడు చక్రపాణి నిర్మాతలలో ఒకడుగా 1957లో వచ్చిన "మాయాబజార్" క్లాసిక్. ఆ చిత్రములోని పాటకు శాస్త్రీయ రాగము ఆధారమైనచో ఆ రాగము క్లాసికల్. కూచిపూడి "క్లాసికల్ డ్యాన్స్". 2008లో కేంద్ర ప్రభుత్వము తెలుగునకు ఇచ్చిన హోదా "క్లాసికల్ లాంగ్వేజ్".

ఇక్కడ తెలుగు వైపు నుండి మరొక చిక్కు కలదు. తెలుగులో "శాస్త్రీయ" అను ఒకే పదము "శాస్త్రీయ సంగీతము"లో క్లాసికల్ అను అర్థమును, "శాస్త్రీయ పద్ధతి"లో సైంటిఫిక్ అను అర్థమును ఇచ్చును. కావున తెలుగు పదమును బట్టి ఆంగ్ల పదమును ఎంచుకొనుట సరిపోదు; ఆ తెలుగు పదము ఆ వాక్యములో ఏమి చెప్పుచున్నదో చూడవలెను.

కామిక్ - కామికల్

హాస్యమునకు చెందినది, నవ్వించు ఉద్దేశముతో చేసినది కామిక్. చూచువారికి నవ్వు తెప్పించునది కామికల్. నవ్వించవలెనను ఉద్దేశము లేకున్నను ఈ పదము చెల్లును. తెనాలి రామకృష్ణుని పేర ప్రచారములో ఉన్న కథలు "కామిక్ టేల్స్". కథలో మోసపోయిన వాని ముఖము "కామికల్"గా ఉండవచ్చును. "పాండురంగ మాహాత్మ్యము" వ్రాసిన రామకృష్ణ కవిని "కామికల్ పొయెట్" అన్నచో ఆయన హాస్యచతురుడని కాక, ఆయనే నవ్వులపాలైనట్లు ధ్వనించును.

ఎలక్ట్రిక్ - ఎలక్ట్రికల్

విద్యుత్తుతో నేరుగా పనిచేయునది, విద్యుత్తును కలిగియున్నది ఎలక్ట్రిక్: ఎలక్ట్రిక్ రైలు, ఎలక్ట్రిక్ మోటారు, ఎలక్ట్రిక్ బల్బు. విద్యుత్తుకు సంబంధించిన రంగము, వృత్తి, వస్తుసముదాయము మొదలైనవి ఎలక్ట్రికల్: ఎలక్ట్రికల్ ఇంజనీరు, ఎలక్ట్రికల్ సామాను, ఎలక్ట్రికల్ లోపము. తెనాలి స్టేషనులో ఆగిన బండిని లాగునది "ఎలక్ట్రిక్ ఇంజను". దానిని బాగుచేయు శాఖ "ఎలక్ట్రికల్ డిపార్టుమెంటు". ఇంజనీరును "ఎలక్ట్రిక్ ఇంజనీరు" అన్నచో ఆయనే విద్యుత్తుతో నడచునని అర్థము.

ఆల్టర్నేట్ - ఆల్టర్నేటివ్

ఒకటి విడిచి ఒకటిగా, వంతులవారీగా వచ్చునది ఆల్టర్నేట్. ఒకదానికి బదులు ఎంచుకొనదగినది ఆల్టర్నేటివ్. కృష్ణా పశ్చిమ డెల్టా కాలువల క్రింద వరి పండించు ప్రాంతములో ఈ రెండు పదములకును పని కలదు. పొలమును కొన్నాళ్ళు నీటితో తడిపి, కొన్నాళ్ళు ఆరనిచ్చి, మరల తడుపు పద్ధతి "ఆల్టర్నేట్ వెట్టింగ్ అండ్ డ్రైయింగ్". వరి కోసిన తరువాత నీటి లభ్యతను బట్టి రెండవ వరికి బదులు వేయు మినుము, జొన్న, మొక్కజొన్న వంటివి "ఆల్టర్నేటివ్ క్రాప్స్". వీటిని "ఆల్టర్నేట్ క్రాప్స్" అన్నచో ఒక పంట తరువాత ఒకటి మార్చి మార్చి వేయుదురని అర్థము చేసికొనవచ్చును. అమెరికా ఆంగ్లములో "ఆల్టర్నేట్" అను పదము "ప్రత్యామ్నాయ" అను అర్థములో కూడా వాడబడుచున్నది. బ్రిటిష్ ఆంగ్లములోను, భారతదేశపు పరీక్షలలోను ఈ భేదమును పాటించుట మేలు.

కాలువల విషయములోనే మరొక జంట: తెంపు లేకుండ సాగునది కంటిన్యువస్, మధ్య మధ్య ఆగుచు పదే పదే జరుగునది కంటిన్యువల్. కాలువ వదలిన దినములలో ప్రవాహము "కంటిన్యువస్ ఫ్లో". చివరి భూములకు నీరు అందలేదని ఏటేటా వచ్చు ఫిర్యాదులు "కంటిన్యువల్ కంప్లెయింట్స్".

లిటరల్ - లిటరరీ - లిటరేట్

ఈ మూడును "అక్షరము" అను అర్థము గల లాటిను పదము నుండి పుట్టినవి. లిటరల్ అనగా మాటకు మాటగా ఉన్నది; లిటరరీ అనగా సాహిత్యమునకు చెందినది; లిటరేట్ అనగా చదువను, వ్రాయను వచ్చినది. కొడవటిగంటి కుటుంబరావు 1909లో జన్మించిన తెనాలి "లిటరరీ" పట్టణము. అక్కడి జనాభాలో అక్షరాస్యులు "లిటరేట్". ఒక తెలుగు సామెతను ఉన్నది ఉన్నట్లు ఆంగ్లములోనికి మార్చినచో అది "లిటరల్" అనువాదము. "లిటరరీ ట్రాన్స్‌లేషన్" అన్నచో సాహిత్యానువాదము అగును. ఆ రెండును చాలా సందర్భములలో ఒకదానికొకటి వ్యతిరేకములు.

ఎల్డర్ - ఓల్డర్

ఈ జంటలో ప్రత్యయభేదము లేదు. "ఓల్డ్" అను పదమునకు పాత, కొత్త తారతమ్య రూపములు ఇవి. ఎల్డర్ అను పదము ముఖ్యముగా కుటుంబములోని వరుసను తెలుపుటకు, నామవాచకమునకు ముందు మాత్రమే వచ్చును. దాని తరువాత "దేన్" రాదు. "మా అన్న" అనుటకు "మై ఎల్డర్ బ్రదర్" సరియైనది. "మా అన్న నాకంటె పెద్దవాడు" అనుటకు "ఓల్డర్ దేన్ మీ" అనవలెను. "ఎల్డర్ దేన్ మీ" అనుట తప్పు. తెలుగులో అన్న, అక్క, తమ్ముడు, చెల్లెలు అను పదములలోనే వయసు ఇమిడి ఉన్నది. ఆంగ్లములో "బ్రదర్" అను పదమునకు ఆ శక్తి లేదు కనుక విశేషణము చేర్చవలసి వచ్చినది. వస్తువుల విషయములో ఎల్డర్ వాడరాదు. ఒక గుడి మరొక గుడికంటె ఓల్డర్ అగును గాని ఎల్డర్ కాదు.

ఇంగ్ - ఎడ్ రూపములు

బోరింగ్ - బోర్డ్, ఇంట్రెస్టింగ్ - ఇంట్రెస్టెడ్, టైరింగ్ - టైర్డ్ వంటి జంటలలో "ఇంగ్" రూపము ఆ భావమును కలిగించు దానిని, "ఎడ్" రూపము ఆ భావమును పొందు వ్యక్తిని తెలుపును. తెలుగులో "నాకు విసుగుగా ఉన్నది" అంటారు. ఇక్కడ "నాకు" అనునది కర్త కాదు. విసుగు ఎవరి నుండి పుట్టినదో, ఎవరికి కలిగినదో వేరుచేయుటకు విశేషణము మార్చవలసిన పని లేదు. ఆంగ్లములో "నేను" కర్త స్థానములోనికి వచ్చును కనుక విశేషణమే ఆ భేదము చెప్పవలెను. "ఐ యామ్ బోర్డ్" అనగా నాకు విసుగుగా ఉన్నది. "ఐ యామ్ బోరింగ్" అనగా నేను ఇతరులకు విసుగు కలిగించువాడను. ఉద్యోగపు ఇంటర్వ్యూలో ఈ రెండింటికి చాలా తేడా కలదు.

క్రియావిశేషణములు

"ఇక్", "ఇకల్" జంటలకు క్రియావిశేషణము చేయునప్పుడు రెండును కలిసి ఒకే "ఇకల్లీ" రూపము పొందును. హిస్టారిక్ నుండి అయినను, హిస్టారికల్ నుండి అయినను వచ్చునది "హిస్టారికల్లీ". ఎకనామిక్, ఎకనామికల్ రెండింటికి "ఎకనామికల్లీ" ఒక్కటే. అర్థమును సందర్భము నుండి గ్రహించవలెను. ఈ నియమమునకు బాగా తెలిసిన మినహాయింపు "పబ్లిక్". దీనికి "పబ్లిక్‌లీ" అనునదే ప్రామాణిక రూపము.

ఎంచుకొను విధానము

వ్రాయుచున్నప్పుడు సందేహము కలిగినచో ఈ క్రింది పరీక్షలు ఉపకరించును.

1. విశేషణమును తెలుగు పదములో కాక తెలుగు వాక్యములో విప్పి చూడవలెను. "చరిత్రకు సంబంధించినది" అని వచ్చినచో హిస్టారికల్; "చరిత్రలో నిలిచినది" అని వచ్చినచో హిస్టారిక్. "డబ్బు వ్యవహారమునకు సంబంధించినది" అయినచో ఎకనామిక్. "డబ్బు మిగిల్చునది" అయినచో ఎకనామికల్.

2. విశేషణమునకు ముందు "చాలా" చేర్చి చూడవలెను. వర్గమును మాత్రమే తెలుపు పదమునకు "చాలా" చక్కగా అతకదు. "చాలా పొదుపైన పద్ధతి" అనవచ్చును గాని "చాలా ఆర్థిక శాస్త్రము" అనరాదు. మొదటిది ఎకనామికల్, రెండవది ఎకనామిక్. ఇది అన్ని జంటలకు వర్తించదు గాని గుణమును, వర్గమును వేరుచేయుటకు ఉపయోగపడును.

3. శాస్త్రపదములను, సంస్థల పేర్లను, స్థిరపడిన పదబంధములను మార్చరాదు. "హిస్టారిక్ ప్రెజెంట్" అను వ్యాకరణపదములో పై నియమము ప్రకారము హిస్టారికల్ ఉండవలసినదని అనిపించవచ్చును. కాని వాడుకలో ఆ రూపము కూడా స్థిరపడినది.

4. రెండు రూపములకు భేదము లేని జంటలలో ఏది ఎంచుకొన్నను దోషము లేదు. ఒక రచనలో మొదటి నుండి చివరి వరకు ఒకే రూపము పాటించవలెను.

"ఇకల్" చేరిన పొడుగు పదము మరింత గంభీరముగా, మర్యాదగా ఉండునను అభిప్రాయము కొందరిలో కలదు. దీనికి ఆధారము లేదు. హిస్టారిక్ కంటె హిస్టారికల్ గొప్పది కాదు, ఎకనామిక్ కంటె ఎకనామికల్ ఎక్కువది కాదు. పొడుగును బట్టి కాక పనిని బట్టి పదమును ఎంచుకొనవలెను. నల్లమందును నల్లని మందును పొరపడక వేరుచేయగల తెలుగు పాఠకునికి ఈ ఎంపిక కొత్తది కాదు. ఆంగ్లములో ఆ వాడుకను జంట జంటగా పరిచయము చేసికొనుట మాత్రమే మిగిలియుండును.